మట్టిలో పుట్టిన ఏథెన్సు, వలస వచ్చిన రోము

మన సభలలోనూ మన పత్రికలలోనూ ఈ మధ్య ఒక వాదం తరచుగా వినవస్తున్నది. ఎవరైనా "మీరు బయటినుండి వచ్చినవారు" అని ఆరోపించినప్పుడు, "కాదు, మేమూ ఈ మట్టి బిడ్డలమే, ఇక్కడి వృత్తి కులాలలోనుండి ఇస్లాంలోకి వచ్చిన మూలవాసులమే" అని మనవారు బదులిస్తున్నారు. ఈ బదులులో చారిత్రక సత్యం చాలా ఉన్నది. తెలుగునాట ముస్లింలలో అత్యధికులు దూది ఏకినవారి, మగ్గం నేసినవారి, మాంసం కొట్టినవారి, అద్దకం చేసినవారి సంతతి అన్నది కాదనలేని విషయం. అయినప్పటికీ, ఈ సత్యాన్ని మన హక్కుల వాదానికి పునాదిగా వేయరాదని నా అభిప్రాయం. ఆ పునాది మీద కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో చూసిన జాతులు పూర్వం ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఏథెన్సు. దాని పక్కన రోమును నిలబెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది.

ప్రాచీన గ్రీకు నగరాలలో చాలావాటికి మూలపురుషుడు ఎక్కడినుండో వచ్చినవాడే. ఫినీషియా నుండి వచ్చిన కాడ్మస్ తమ నగరాన్ని స్థాపించాడని తీబ్స్ ప్రజలు చెప్పుకున్నారు. ఆర్గోస్ ప్రజలు ఈజిప్టు నుండి ఓడలో వచ్చిన దనావస్‌ను తలచుకునేవారు. ఏథెన్సు కథ మాత్రం వేరు. వారి మొదటి రాజు కెక్రాప్స్ నడుము పైన మనిషి, కింద పాము. ఆ తరువాతి ఎరిక్తోనియస్ తల్లి గర్భంలో కాక నేరుగా భూమిలోనుండి పుట్టాడట. అతనిని ఎథీనా దేవత పెంచిందట. కాబట్టి తాము ఎక్కడినుండీ రాలేదు, ఎవరినీ వెళ్లగొట్టి ఈ నేలను ఆక్రమించలేదు, ఈ నేలే తమను కన్నది అని ఏథెన్సువారి వాదం. యుద్ధంలో మరణించిన పౌరులకు జరిపే బహిరంగ అంత్యక్రియల ప్రసంగాలలో ఈ మాట తప్పకుండా వినిపించేది.

కథ అందమైనదే. పైగా ఒక విధంగా ప్రజాస్వామికమైనది కూడా. అందరూ ఒకే నేల బిడ్డలైనప్పుడు పేద పౌరుడైనా ధనిక పౌరుడైనా పుట్టుకలో సమానమే కదా. కానీ ఇందులో "పౌరుడు" అన్న పదం దగ్గర ఆగి చూడాలి.

ఈ కథ నిజం కాదని అప్పటివారికీ తెలుసు. చరిత్ర పితామహుడని పేరు పొందిన హెరోడొటస్, ఏథెన్సువారు మొదట పెలాస్జియన్లనీ, తరువాత గ్రీకు భాష నేర్చుకుని గ్రీకులైనారనీ రాశాడు. నియంతృత్వాన్ని ఎదిరించిన వీరులుగా ఏథెన్సు నడిబొడ్డున విగ్రహాలు నిలబెట్టుకున్న హార్మోడియస్, అరిస్టోజైటన్‌ల వంశం ఫినీషియా నుండి వచ్చినదేనని కూడా ఆయనే చెప్పాడు. ఏథెన్సులోనే పుట్టిన ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథంలో, పౌరులు భూమినుండి పుట్టారన్న కథను రాజ్యం కోసం చెప్పవలసిన అబద్ధంగా ప్రతిపాదించాడు. అబద్ధమని తెలిసి కూడా చెప్పుకునే కథకు ఎప్పుడూ ఒక పని అప్పగించబడి ఉంటుంది.

ఆ పని ఏమిటో క్రీ.పూ. 451లో చేసిన చట్టంలో కనిపిస్తుంది. పెరిక్లీస్ ప్రతిపాదించిన ఆ చట్టం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు పౌరులైతేనే బిడ్డ పౌరుడు. అంతకు ముందు తండ్రి పౌరుడైతే సరిపోయేది. సలామిస్ సముద్రయుద్ధంలో పారశీకుల నౌకాదళాన్ని ఓడించి నగరాన్ని నిలబెట్టిన థెమిస్టోక్లీస్ తల్లి పరదేశి. మరో గొప్ప సేనాని కైమన్ తల్లి థ్రేస్ రాజు కుమార్తె. ఈ చట్టం ఒక తరం ముందే వచ్చి ఉంటే వారిద్దరూ ఏథెన్సు పౌరులు కాలేకపోయేవారు. చట్టం చేసిన పెరిక్లీస్‌ను కూడా అది వదలలేదు. ఆయన సహచరి అస్పేషియా మిలెటస్ నగరానికి చెందినది గనుక ఆమెకు పుట్టిన కొడుకు పౌరుడు కాడు. తరువాత నగరంలో మహమ్మారి వ్యాపించి మొదటి భార్య కొడుకులిద్దరూ మరణించగా, పెరిక్లీస్ ప్రజలను ప్రాధేయపడి తన కొడుకుకు మినహాయింపు పొందాడు. పెద్దవారికి మినహాయింపులు ఆనాడూ దొరికేవి.

సామాన్యులకు దొరికినది వేరు. ఏథెన్సులో తరతరాలుగా స్థిరపడి, అక్కడే వ్యాపారం చేసి, ఆ నగరం తరఫున యుద్ధాలలో పోరాడిన పరదేశులను 'మెటిక్కులు' అనేవారు. పురుషుడు ఏడాదికి 12 ద్రక్మాలు, ఒంటరిగా బతికే స్త్రీ 6 ద్రక్మాలు ప్రత్యేక పన్ను కట్టాలి. భూమి కొనరాదు. పూచీ ఉండడానికి ఒక పౌరుడిని చూపించుకోవాలి. ఎన్ని తరాలు గడిచినా వారు మెటిక్కులే.

క్రీ.పూ. 445 ప్రాంతంలో ఈజిప్టు పాలకుడొకడు ఏథెన్సు ప్రజలకు 40 వేల కొలతల ధాన్యం కానుకగా పంపించాడు. పంపకం పౌరులకే గనుక పౌరుల జాబితా తనిఖీ చేశారు. దాదాపు 5 వేల మంది పౌరులు కారని తేల్చి తొలగించారనీ, 14,040 మంది మిగిలారనీ ప్లూటార్క్ రాశాడు. తొలగించినవారిని బానిసలుగా అమ్మారని కూడా ఆయన అంటాడు గానీ చరిత్రకారులలో కొందరు ఆ మాటను నమ్మరు. ధాన్యం వచ్చిననాడు జాబితా గుర్తుకు రావడం గమనించదగినది. పన్ను వసూలు చేసిననాడు, యుద్ధానికి పిలిచిననాడు ఎవరూ ఆ జాబితాను అంత శ్రద్ధగా చదవలేదు.

వందేళ్ల తరువాత, క్రీ.పూ. 346లో, నగరమంతటా మరొక తనిఖీ జరిగింది. ఆ సందర్భంలో యూక్సిథియస్ అనే వ్యక్తి కోర్టులో చేసుకున్న అప్పీలు ప్రసంగం నేటికీ మిగిలి ఉన్నది. దానిని ప్రఖ్యాత వక్త డెమోస్తనీస్ రచించాడు. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసి రిటైరైన నాకు, ఆ అప్పీలులో ఒక్కటీ కొత్త సంగతి కనిపించలేదు.

యూక్సిథియస్ హలిమూస్ అనే డీముకు చెందినవాడు. డీము అంటే మన గ్రామ పంచాయతీ వంటిది. పౌరుల జాబితా అక్కడే ఉండేది. ఇతడు ఒకప్పుడు ఆ డీముకు అధ్యక్షుడుగా కూడా పనిచేశాడు. ఆలయ భూముల కౌలు బకాయిలు గట్టిగా వసూలు చేసి కొందరికి శత్రువయ్యాడు. తనిఖీ వచ్చినప్పుడు వారు పగ తీర్చుకున్నారు. సమావేశంలో ఉపన్యాసాలతో పొద్దు గడిపి, ఇతని పేరు వచ్చేసరికి చీకటి పడేటట్లు చేశారు. వృద్ధులు ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవారు 30 మందికి మించరు, లెక్కపెడితే ఓట్లు 60కి పైగా వచ్చాయి. అంతకు పూర్వమే, ఇతని ప్రత్యర్థి యూబులిడీస్ తండ్రి డీము అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, పాత రిజిస్టరు పోయిందని ఒకసారి ప్రకటించారు కూడా.

ఇక అభియోగాలు చూడండి. ఇతని తండ్రి యాస పరదేశీయుల యాసలా ఉండేదట. నిజమే. ఆయన ఏథెన్సు తరఫున యుద్ధంలో పోరాడి, శత్రువులకు చిక్కి, లూకాస్‌లో అమ్ముడుపోయి, ఏళ్ల తరబడి అక్కడ బతికి తిరిగి వచ్చాడు. నాలుక మీద ఆ ఊరి యాస మిగిలింది. రెండవ అభియోగం, ఇతని తల్లి బజారులో రిబ్బన్లు అమ్మింది, ఒక ఇంట్లో పాలిచ్చే దాదిగా పనిచేసింది అని. అదీ నిజమే. భర్త దూరాన ఉండగా పిల్లలతో ఆకలి పడలేక చేసిన పని అది. ధనికుడి తండ్రికి ఆ యాస ఉంటే దానిని దేశాటన చేసిన పాండిత్యం అని ఉండేవారు. ధనికురాలు బజారుకు వెళితే ఆమె మూలాలు ఎవరూ అడగరు. మట్టిలోనుండి పుట్టామన్న మహాకథ ఆచరణలోకి వచ్చేసరికి పేదవాడి యాస మీదా, పేదరాలి వృత్తి మీదా విచారణ అయి కూర్చున్నది. ఆ అప్పీలులో ఓడిపోతే శిక్ష బానిసగా అమ్ముడుపోవడమే. తీర్పు ఏమైనదో చెప్పే పత్రం ఏదీ మిగలలేదు.

రోము కథ దీనికి సరిగ్గా ఎదురు. రోమనులు తమ మూలాన్ని చెప్పుకోవడానికి ఒకటి కాదు, రెండు కథలు కుట్టుకున్నారు. ఒక కథలో తగలబడుతున్న ట్రాయ్ నగరంనుండి ముసలి తండ్రిని భుజాన మోసుకుని పారిపోయిన శరణార్థి ఈనియస్ ఇటలీకి చేరి స్థిరపడతాడు. రెండవ కథలో తోడేలు పాలు తాగి పెరిగిన రోములస్ నగరం కట్టి, జనం చాలక, కొండమీద ఆశ్రయస్థలం తెరిచి, పారిపోయి వచ్చిన బానిసలనూ అప్పులవాళ్లనూ నేరస్థులనూ చేర్చుకుంటాడు. ఈ రెండు కథలకూ మధ్య లెక్క కుదరలేదు. గ్రీకుల లెక్కన ట్రాయ్ పతనం క్రీ.పూ. 1184, రోము స్థాపన క్రీ.పూ. 753. నడుమ 431 ఏళ్ల ఖాళీ. ఆ ఖాళీని నింపడానికి అల్బా లాంగా అనే ఊరికి ఒక రాజుల వరుస కల్పించి పెట్టారు. సర్వీసు రిజిస్టరులో ఖాళీ కాలాన్ని తరువాతి తేదీలో ఒకే సిరాతో నింపితే చూడగానే తెలిసిపోతుంది. ఇదీ అలాంటిదే.

దీనిని కూడా స్వప్రయోజనానికి వాడుకున్నవారు ఉన్నారు. జూలియస్ సీజర్ తన మేనత్త అంత్యక్రియలలో మాట్లాడుతూ తమ వంశం ఈనియస్ ద్వారా వీనస్ దేవతకు చేరుతుందని ప్రకటించుకున్నాడు. అతని వారసుడు అగస్టస్ కాలంలోనే వర్జిల్ ఈనియస్ మీద మహాకావ్యం రాశాడు. రోమును ధర్మరాజ్యమని నేను అనడం లేదు. బానిసల చెమట మీద నిలిచిన సామ్రాజ్యం అది. పక్కనున్న ఇటలీ మిత్రరాజ్యాలకు కూడా పౌరసత్వం ఊరికే ఇవ్వలేదు, క్రీ.పూ. 91లో వారు ఆయుధాలు పట్టిన తరువాతనే ఇచ్చారు. కథ ఒక్కటే హక్కులు తెచ్చిపెట్టదు. అయితే హక్కు అడిగేవారి చేతికి అది ఒక ఆధారాన్ని ఇచ్చింది.

క్రీ.శ. 48లో గాల్ ప్రాంతపు పెద్దలను, అంటే నేటి ఫ్రాన్స్ వారిని, సెనేటులో చేర్చుకోవాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు ఇది స్పష్టంగా కనిపించింది. నిన్నమొన్నటి శత్రువులను మన మధ్య కూర్చోబెడతామా అని సెనేటర్లు అభ్యంతరపెట్టారు. చక్రవర్తి క్లాడియస్ బదులిస్తూ రోము పుట్టుక కథనే వారి ముందు పెట్టాడు. మన రాజు న్యూమా బయటివాడు, టార్క్విన్ తండ్రి గ్రీకు నగరం కొరింత్ నుండి వచ్చినవాడు అని గుర్తుచేశాడు. చరిత్రకారుడు టాసిటస్ రాసిన ప్రకారం ఏథెన్సును కూడా ప్రస్తావించాడు. అంత బలమున్న ఏథెన్సు, స్పార్టాలు ఓడినవారిని పరాయివారిగానే ఉంచి నాశనమైనాయని అన్నాడు. గాల్ ప్రజలు ఆ ప్రసంగాన్ని కంచు పలకల మీద చెక్కించుకున్నారు. 1528లో లియాన్‌లో అవి తిరిగి దొరికాయి. ఒక ప్రజ తమకు హక్కు ఇచ్చిన మాటను లోహం మీద రాయించి దాచుకున్నది, అది వెయ్యిన్నర ఏళ్ల తరువాత కూడా చదవడానికి మిగిలి ఉన్నది. క్రీ.శ. 212లో సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ పౌరసత్వం ప్రకటించిన కరకల్లా చక్రవర్తి తండ్రి లిబియా తీరంవాడు, తల్లి సిరియా దేశపు హోమ్స్ నగరానిది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఆంధ్రులమని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆంధ్ర శబ్దం తొలిసారి కనిపించేది ఐతరేయ బ్రాహ్మణంలో అని పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాం. అక్కడ ఆంధ్రులు విశ్వామిత్రుని మాట వినక శాపం పొంది సరిహద్దులకు పోయిన కొడుకుల సంతతి. తెలుగువాడి మూలపురుషుడు కూడా ఆ కథ లెక్కన వెలివేయబడి వచ్చినవాడే. ఆ కథ చెప్పినవారికి అప్పుడు దక్షిణాది జనాన్ని ఎక్కడ ఉంచాలో ఒక ఉద్దేశం ఉన్నది, అంతే.

మన షజ్రాల సంగతీ వేరు కాదు. అరబ్బు వంశావళులు మొత్తం జాతిని ఖహ్తాన్, అద్నాన్ అనే ఇద్దరు మూలపురుషుల కింద సర్దుతాయి. కానీ ఖుదాఆ అనే పెద్ద తెగ ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో రాజకీయ అవసరాలను బట్టి ఒక వైపునుండి మరొక వైపుకు మార్చబడింది. ఆనాటి పండితులే దాని మీద వాదులాడుకున్నారు. జహంగీర్ కాలంలో నియామతుల్లా రాసిన గ్రంథం పఠాన్‌లను ఖైస్ అబ్దుర్ రషీద్ ద్వారా ఇస్రాయేల్ సంతతికి కలిపింది. 1377లో 'ముఖద్దిమా' రచించిన ఇబ్న్ ఖల్దూన్ ఈ వ్యవహారాన్ని కుండబద్దలు కొట్టినట్లు తేల్చాడు. వంశం అనేది ఊహాత్మకమైన విషయం, మనుషులను ఒకరికొకరు అండగా కలపడమే దాని ప్రయోజనం అన్నది ఆయన వాదసారం. తెగలూ జాతులూ పరస్పర పరిచయం కోసమేనన్న అల్-హుజురాత్ సూరా బోధను శుక్రవారం వింటూనే, శనివారం పెళ్లి సంబంధం దగ్గర సయ్యద్‌లా, షేక్‌లా అని ఆరా తీసే మనకు ఇబ్న్ ఖల్దూన్ చెప్పినది రుచించదు.

దీని మూల్యం ఎంతో సర్టిఫికెట్ల కౌంటరు దగ్గర కూర్చున్నవారికి తెలుసు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి. ఇ గ్రూపు కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టం సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోరా, ఖోజా వంటి వర్గాలను జాబితానుండి మినహాయించింది. సామాజికంగా పైనున్నవారు పక్కకు జరగాలన్న ఉద్దేశం సరైనదే. కానీ రిక్షా తొక్కిన తాత ఎవరో, ఎప్పుడో గౌరవం కోసం పేరు చివర ఖాన్ అని తగిలించుకుని ఉంటే, బడి రిజిస్టరులో అది పఠాన్‌గా మారి, మనవడి దరఖాస్తు దగ్గర అడ్డుగోడగా నిలబడుతున్నది. మరోవైపు చూడండి. మాంసం కొట్టే వృత్తివారు ప్రవక్త పుట్టిన ఖురైష్ తెగ పేరును తమకు పెట్టుకుని ఖురేషీలైనారు. అరబ్బు దేశంలో అంతకంటె ఎత్తైన వంశం లేదు. చట్టం మాత్రం పేరును పక్కనబెట్టి వృత్తినీ వెనుకబాటునూ చూసి వారిని జాబితాలో చేర్చింది. చట్టం చేసిన మంచి పని అదే. ప్రతి దరఖాస్తు దగ్గరా ఇలాగే తాత పేరును కాక మనవడి బతుకును చూడాలని మనం అడగాలి.

ఇక మొదటి మాటకు వస్తాను. మేము మూలవాసులం గనుక మాకు హక్కులు ఉన్నాయి అని మనం అన్నామంటే, కాని వారికి లేవని ఒప్పుకున్నట్లే. అప్పుడు హైదరాబాదు బార్కస్‌లో ఉంటున్న హద్రమౌత్ అరబ్బుల మనవళ్లు ఏమి కావాలి? నిజాం ఆఫ్రికన్ అశ్విక దళంలో పనిచేసి, ఏ.సి. గార్డ్స్ అనే పేటకు తమ పేరు ఇచ్చిపోయిన సిద్దీల పిల్లలు ఏమి కావాలి? ఎదుటివాడు అడిగిన ప్రశ్న తప్పు అని చెప్పవలసిన చోట మనం వాడి ప్రశ్నకు మార్కులు తెచ్చుకునే జవాబు రాస్తున్నాం. పైగా ఆ పరీక్షలో పేపరు దిద్దేది ఎదుటివాడే.

మన రాజ్యాంగం ఈ ప్రశ్నను అడగలేదు. 5వ అధికరణం ఈ దేశంలో నివాసాన్నీ, ఈ గడ్డ మీద తనదో తల్లిదండ్రులలో ఒకరిదో పుట్టుకనూ, లేదా అయిదేళ్ల నివాసాన్నీ చూసిందే గానీ మూలపురుషుని అడగలేదు. 1955 చట్టంలోనూ మొదట భారతదేశంలో పుట్టడమే చాలు. 1987 జూలై 1 నుండి తల్లిదండ్రులలో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుండి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండవవారు అక్రమ వలసదారు కాకూడదు. పెరిక్లీస్ చట్టం ఏథెన్సులో ఒకే రోజున వచ్చింది, మన దగ్గర మెట్టు మెట్టుగా అటువైపు నడుస్తున్నది. మన న్యాయవాదులు, మన సంఘాలు గొంతు ఎత్తవలసినది ఈ మెట్ల మీద. మా తాతది ఏ మట్టి అన్న చర్చ మీద కాదు.

యూక్సిథియస్ తన అప్పీలులో కెక్రాప్స్‌నూ ఎరిక్తోనియస్‌నూ నమ్ముకోలేదు. తండ్రి తరఫు బంధువులను సాక్ష్యానికి పిలిచాడు. తండ్రికి తిరిగి వచ్చాక ఆస్తిలో వాటా పంచి ఇచ్చినవారిని పిలిచాడు. చిన్నతనంలోనే చనిపోయిన తన అన్నదమ్ములను వంశపు సమాధుల స్థలంలోనే పూడ్చారనీ, ఆనాడు ఎవరూ అడ్డు చెప్పలేదనీ చూపించాడు.

మన ఖబరస్తాన్‌లలో పెద్దగా రాతలు ఉండవు. మట్టి సమాధి రెండు వానలకు నేలలో కలిసిపోతుంది, మూడవ తరానికి ఎవరిది ఎక్కడో తెలియదు. నేను పనిచేస్తున్న మసీదు కమిటీలో రెండేళ్లుగా ఒక లాంగ్‌సైజు రిజిస్టరు పెట్టాము. మరణించినవారి పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన ఊరు, మరణించిన తేదీ, పూడ్చిన వరుస రాసి, ఇద్దరు పెద్దల సంతకాలు తీసుకుంటున్నాం. 21 రోజులలోగా మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో మరణం నమోదు చేయించి ఆ నంబరు కూడా పక్కన వేస్తున్నాం. షేక్ అన్న మాటను ఇంగ్లీషులో ఒకే ఇంట్లో మూడు రకాలుగా రాస్తున్నారు గనుక, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగునే రాయమని పట్టుబడుతున్నాం. ఇతర ఊళ్ల కమిటీలు అడిగితే గళ్లు గీసిన నమూనా పేజీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.